కొత్త కెమేరాకు పాత కన్ను

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నది మన పెద్దల మాట. ఛాయాచిత్రకళ విషయంలో మాత్రం గత పది పదిహేనేండ్లుగా ఈ సామెత తలక్రిందులైనది. వేలకు వేలు పోసి కెమేరా కొని, దానితోపాటు వచ్చిన లెన్సును ఊడదీసి సంచిలో వేసి, తాతలనాటి లోహపు గొట్టం ఒకటి దానికి బిగించి, వ్రేళ్ళతో కొంచెం కొంచెం త్రిప్పుకొంటూ బొమ్మ తీసే యువకులు ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. వానలు పడి వాగులు పొంగిన రోజులలో బోథ్ మండలంలోని పొచ్చెర జలపాతం దగ్గరకు ఒక ఆదివారంనాడు వెళితే, వందమంది సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకొన్నచోట ఇటువంటివాడు ఒక్కడైనా తటస్థపడవచ్చు. ఆ వందమందీ నిమిషంలో ఫోటో తీసుకొని తమ దారిన తాము పోతారు. ఇతడు మాత్రం బండమీద కూర్చుండి పావుగంటసేపు ఒక్క టేకాకునే చూస్తూ ఉంటాడు.

ఇది వేలంవెర్రి కాదా అంటే కొంతవరకు వేలంవెర్రే. పాత చింతకాయ పచ్చడికి వెండిగిన్నె తొడిగి అమ్మేవారు ఈ రంగంలోనూ ఉన్నారు. అయినా, తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికే నేను ఈ విషయాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయడానికి సాహసించడానికి కారణం ఉన్నది. పాత లెన్సు చేత పట్టుకొన్న విద్యార్థి పదవ తరగతి భౌతికశాస్త్రంలో తాను బట్టీపట్టిన కటక సూత్రాన్ని మొదటిసారిగా వ్రేళ్ళతో ముట్టుకొంటాడు. అంతకన్న ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. దానిని తరువాత చెబుతాను.

ఏ కాలానిదో, ఏ దేశానిదో అయిన లెన్సు నేటి కెమేరాకు ఎట్లా అమరుతున్నది? లోపలి ఎలెక్ట్రానిక్ సరంజామాతో దానికి మాటలు లేవు, పొత్తు లేదు. ఈ ప్రశ్నకు జవాబు ఒక కూడికలో, ఒక తీసివేతలో ఉన్నది. లెన్సు బిగించే అంచు మొదలు బొమ్మ పడే తలం వరకు ప్రతి కెమేరాకు ఒక నిర్ణీత దూరం ఉంటుంది. ఆ దూరం తప్పితే దూరపు కొండలు స్ఫుటంగా రావు. 1949లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో కాంటాక్స్ ఎస్ అనే కెమేరా వచ్చినది. దాని లెన్సు మరచుట్టుతో బిగించేది. మర వ్యాసం 42 మిల్లీమీటర్లు. ఆ మరనే తరువాత జపానువారు, రష్యావారు, ఇంకా ఎందరో వాడుకొన్నారు. దాని దూరం 45.46 మిల్లీమీటర్లు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమేరాకు ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. ఇంత ఎడం ఎందుకంటే, లెన్సుకూ ఫిల్ముకూ నడుమ ఒక అద్దం నలబై అయిదు డిగ్రీల వాలులో నిలబడి దృశ్యాన్ని పైకి, కంటి దగ్గరకు పంపేది. మీట నొక్కగానే టక్కున పైకి లేచేది. ఆ అద్దం మెదలడానికి చోటు కావాలి గదా!

2008లో పానసోనిక్ సంస్థ జి1 అనే కెమేరాలో ఈ అద్దాన్ని తీసివేసినది. 2013లో సోనీ సంస్థ పాత ఫిల్ము చట్రమంత, అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సెన్సారుతో అద్దంలేని కెమేరాను తెచ్చినది. అద్దం పోవడంతో ఆ దూరం సోనీలో 18 మిల్లీమీటర్లకు దిగినది. ఇటీవలి నికాన్ జడ్ తరగతిలో అది 16 మాత్రమే. ఇక లెక్క చూడండి: 45.46లో నుంచి 18 తీసివేస్తే 27.46. అంత పొడవు గల ఉత్త గొట్టం ఒకటి, ఒక కొస మర, ఒక కొస కెమేరా బిగింపు పెట్టి చేయిస్తే పని అయిపోయినది. అందులో గాజు లేదు, తీగ లేదు, మర్మం లేదు. లోపల నల్లరంగు పూసిన బోలు గొట్టం. దీనినే అడాప్టరు అంటారు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

అద్దమున్న డిజిటల్ కెమేరాలు చాలామంది ఇండ్లలో ఇంకా ఉన్నవి గనుక వారికి ఒక మాట. కానన్ ఇ.ఎఫ్. కెమేరాకు ఆ దూరం 44 మిల్లీమీటర్లు. కనుక 42 మిల్లీమీటర్ల మరలెన్సుకు మిల్లీమీటరున్నర కన్న కొంచెం తక్కువ మందం గల కంకణం తొడిగితే సరిపోతుంది. నికాన్ ఎఫ్ బిగింపుకో, కెమేరా దూరమే లెన్సు దూరంకన్న ఎక్కువ. ఉన్నదానిలోనుంచి లేనిదానిని తీయడం ఎట్లా? నడుమ మరొక గాజుబిళ్ళ పెడితేగాని దూరపు దృశ్యం కుదరదు. పెడితే బొమ్మ మెత్తబడుతుంది. దుకాణదారు ఈ సంగతి చెప్పడు.

ఇదంతా యంత్రాల మాట. ఆ పాత గాజులో ఏమున్నదని వీరు వెంటబడుతున్నారో తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి.

1839లో డాగేర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించినప్పుడు మనిషి బొమ్మ తీయడం ఒక తపస్సు. ఆనాటి లెన్సులోనుంచి వెలుతురు అంత మందంగా వచ్చేది; నిమిషాల తరబడి కదలక మెదలక కూర్చోవలసి ఉండేది. వియన్నా విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్‌వాల్ మరుసటి సంవత్సరం, 1840లో, లెక్కలు కట్టి ఒక కొత్త లెన్సును రూపొందించాడు. అంతవరకు లెన్సులు అరగదీసి, చూసి, మళ్ళీ అరగదీసి చేసేవారు. కాగితంమీద ముందుగా గణించి చేసినది ఇదే మొదలని చెప్పవచ్చు. ఆ గణనకు సాయంగా ఆస్ట్రియా సైన్యపు ఫిరంగిదళంలోని లెక్కలు తెలిసినవారిని కొందరిని ఆయనకు ఇచ్చారు. ఫిరంగిగుండు ఎక్కడ పడుతుందో గుణించేవారు కాంతికిరణం ఎక్కడ పడుతుందో గుణించారన్నమాట. సైన్యం చేసిన మంచిపనులలో దీనిని తప్పక చేర్చాలి. వోయిగ్ట్‌లాండర్ కర్మాగారం ఆ లెన్సును తయారుచేసినది. అంతకుముందున్న దానికంటె పదిహేను రెట్లకు పైగా వెలుతురును లోపలికి తెచ్చేది. నిమిషాల పని క్షణాలకు దిగినది. మనిషి ముఖం చిత్రానికి అందినది.

తరువాత 1893లో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ మూడే మూడు గాజుబిళ్ళలతో ఒక లెన్సు చేశాడు. 1902లో జర్మనీలోని యేనా నగరంలో జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ నాలుగు బిళ్ళలతో టెస్సార్‌ను చేశాడు. 1935లో అదే సంస్థలో స్మకులా అనే శాస్త్రజ్ఞుడు గాజుమీద అతి పలుచని పూత పూసి, వృథాగా ప్రతిఫలించే వెలుతురును అణచే ఉపాయం కనిపెట్టాడు. పాత లెన్సును వాలుగా పట్టుకొని చూస్తే నీలంగానో ఊదాగానో కనిపించే మెరుపు ఆ పూతదే. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక యేనా సోవియట్ మండలంలోకి పోయినది. జైస్‌వారి బయోటార్ అనే లెన్సు ఆకృతిని అనుసరించి, మాస్కో దగ్గర క్రాస్నొగోర్స్క్ కర్మాగారంలో హీలియోస్-44 అనే లెన్సు పుట్టినది. 58 మిల్లీమీటర్ల నాభ్యంతరం, ఆరు గాజుబిళ్ళలు. జెనిత్ కెమేరాలతోపాటు లక్షల సంఖ్యలో తయారై దేశదేశాలకు పోయినది. మన దేశానికీ వచ్చినది. అప్పుడు చవక కెమేరాతోపాటు ఊరకే వచ్చిన ఈ లెన్సే ఇప్పుడు పాత లెన్సుల భక్తులకు మొదటి మెట్టు.

దాని గొప్ప ఏమిటి? నిజం చెప్పాలంటే దాని గొప్ప దాని లోపం. ఆ లెన్సుతో దగ్గరి మనిషిమీద దృష్టి నిలిపి, వెనుక ఎండ చిలుకుతున్న ఆకుల గుబురు ఉండేటట్లు బొమ్మ తీస్తే, వెనుకనున్న వెలుతురు చుక్కలు నడుమ గుండ్రంగా, అంచులకు పోయేకొద్దీ బాదంపలుకులవలె సన్నబడి, అన్నీ కలిసి సుడిగుండంలాగా మనిషి చుట్టూ తిరుగుతున్నట్లు కనిపిస్తాయి. లెన్సు గొట్టపు అంచు ప్రక్కనుంచి వచ్చే కిరణాలను కొంత కోసివేయడంవలన, బొమ్మపడే తలం చదునుగా గాక కొంచెం వంగి ఉండడంవలన ఇట్లా జరుగుతుంది. లెన్సు చేసినవారు దీనిని తప్పుగానే ఎంచి, తరువాతి తరాలలో సవరించడానికి నానా అవస్థలూ పడ్డారు. గోర్లిట్స్ నగరపు మేయర్ సంస్థ చేసిన ట్రయోప్లాన్ 100 మిల్లీమీటర్ల లెన్సుదీ ఇదే కథ. దానిలో వెలుతురు చుక్కలు అంచులు మెరిసే సబ్బుబుడగల వలె వస్తాయి. అదీ ఒక దోషమే. గోళీయ విపథనం అనే దోషం.

ఇక్కడ నాకు మన అలంకారశాస్త్రం గుర్తుకు రాక మానదు. ఆలంకారికులు కావ్యదోషాలను వరుసగా చెప్పి, ఊరుకోక, ఫలానా సందర్భంలో ఈ దోషమే గుణమవుతుందని కూడ చెప్పారు. భోజుడు సరస్వతీకంఠాభరణంలో అటువంటివాటికి వైశేషిక గుణాలని పేరే పెట్టాడు. తాగినవాడి మాటలో పునరుక్తి దోషం కాదు. భయపడినవాడి మాటలో క్రమభంగం దోషం కాదు. అట్లాగే మోదుగుచెట్టు నిండుగా పూసిన ఫాల్గుణంలో ఎర్రటి పూలవెనుక ఆకాశం బుడగలు బుడగలుగా విచ్చిపోతే అది దోషం కాదు. కాని అదే లెన్సుతో బడి గోడమీది శాసనాన్ని తీస్తే, అంచుల అక్షరాలు కరిగిపోతే, అది దోషమే. సందర్భమెరగని గుణం గుణం కాదు. ఈ ఒక్క ముక్క అర్థం చేసుకోనివారే ఏది తీసినా సుడులు తిరిగే బొమ్మలు తీసి, చూసేవారికి కండ్లు తిరిగేటట్లు చేస్తున్నారు.

చిన్న సెన్సారు కెమేరాలు ఉన్నవారు నిరాశపడకుండా ఒక సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. వారి కెమేరా లెన్సు గీసిన బొమ్మలో నడిమి భాగాన్ని మాత్రమే తీసుకొంటుంది. 58 మిల్లీమీటర్ల లెన్సు 87 మిల్లీమీటర్ల లెన్సు చూసినంత మేరే చూస్తుంది. సుడి ఉండేది అంచులలో గనుక ఆ సుడి చాలావరకు కత్తిరింపులో పోతుంది.

చేతితో త్రిప్పే లెన్సు అంటే నేటి పిల్లలకు ఆశ్చర్యంగాని, 1977లో కొనికా, 1985లో మినోల్టా స్వయంగా దృష్టి నిలుపుకొనే కెమేరాలను బజారులోకి తెచ్చేవరకు లోకంలోని ఫోటోలన్నీ దాదాపు అట్లా తీసినవే. 1880ల దశకంలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్ తీసిన చిత్రాలన్నీ అంతే. 1894లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అనే బిరుదు నిచ్చాడు. చిత్రకళలో శూరుడని దాని భావం. అంతఃపుర స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియోను కూడ దీన్‌దయాళ్ నడిపాడు. 1957లో మాయాబజార్ చిత్రానికి మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెలా అటువంటి లెన్సులోనుంచి వచ్చినదే. ఈనాటికీ పెద్ద సినిమాలలో లెన్సు త్రిప్పడానికే ఒక మనిషి ఉంటాడు. టేపుపెట్టి దూరం కొలుచుకొని మరీ త్రిప్పుతాడు. 1975లో వచ్చిన బారీ లిండన్ అనే చిత్రంలో కొన్ని ఘట్టాలను దర్శకుడు కూబ్రిక్ కొవ్వొత్తుల వెలుతురులోనే చిత్రించాడు. అందుకు జైస్‌వారు అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం చేసిన లెన్సును తెచ్చి, దానికి తగినట్లు కెమేరాను కోయించి బిగించాడు. పరాయి లెన్సును కెమేరాకు తొడిగేవారికి ఆయనను ఆదిగురువనవచ్చు.

మా ఆదిలాబాదు జిల్లాకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉన్నది. 1940లో కొమురం భీం జోడెఘాట్‌లో నేలకొరిగిన తరువాత, గిరిజనుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను నియోగించినది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకొని ఉన్నాడు. 1943లో ఆ గ్రామంలోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రం మొదలైనది. మా ఉపాధ్యాయ మిత్రులు తప్పక గుర్తుంచుకోవలసిన సంవత్సరం అది. హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు వేలసంఖ్యలో లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలలో భద్రంగా ఉన్నవి. భార్యాభర్తల సమాధులు మాత్రం మార్లవాయిలోనే ఉన్నవి. ఎనబై ఏండ్లనాటి గోండుల ముఖాలు, ఇండ్లు, నగలు, పండుగలు చూడాలంటే ఇప్పుడు మనకు ఆ బొమ్మలే దిక్కు.

బోథ్ చుట్టుప్రక్కల గూడేలలో దీపావళి రోజులలో దండారి ఆడతారు. నెమలి ఈకల టోపీ, కొమ్ములు, ఒంటినిండా బూడిద, నడుముకు గజ్జెలు పెట్టుకొని గుస్సాడి దిగితే కెమేరాలు గుంపులుగా మూగుతున్నవి. మార్లవాయికి చెందిన గుస్సాడి గురువు కనకరాజు 2021లో పద్మశ్రీ అందుకొన్నప్పటినుంచి, 2024లో ఆయన కన్నుమూసిన తరువాత కూడ, ఈ గుంపులు పెరిగినవేగాని తగ్గలేదు. ఇక్కడ పాత లెన్సు ఒక మేలు చేస్తుంది. దూరంనుంచి పొడవాటి లెన్సుతో దొంగచాటుగా ముఖాలను లాగడానికి అది పనికిరాదు. దగ్గరకు పోవాలి. దగ్గరకు పోతే ‘రామ్ రామ్’ అనాలి. అన్న తరువాత అడగాలి. ఒప్పుకొంటేనే తీయాలి. దేవుణ్ణి ఒంటిమీదకు ఆవాహన చేసుకొన్న మనిషి గుస్సాడి, వేషగాడు కాడు.

ఆడేవాడిమీద చేతితో దృష్టి నిలపడం సాధ్యమా అంటే, దానికి పాతవారి ఉపాయం లెన్సుమీదనే చెక్కి ఉన్నది. పాత లెన్సు గొట్టంమీద దూరాల అంకెలు, వాటి క్రింద జంటజంటలుగా గీతలు ఉంటాయి. 36, 24 మిల్లీమీటర్ల సెన్సారు కెమేరాకు 35 మిల్లీమీటర్ల లెన్సు బిగించి, అపర్చరు 8 దగ్గర పెట్టి, దూరం 5 మీటర్లకు త్రిప్పి ఊరుకోండి. సుమారు రెండున్నర మీటర్లు మొదలు దిగంతం వరకు అంతా తేటగానే వస్తుంది. ఇక లెన్సును ముట్టనవసరం లేదు. డప్పు మీదనే మనసు పెట్టవచ్చు. నాభ్యంతరపు వర్గాన్ని అపర్చరు సంఖ్యతోను, మిల్లీమీటరులో నూటికి మూడువంతుల మసకతోను భాగిస్తే ఈ 5 మీటర్లు వస్తుంది. తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగలిగిన లెక్క. అపర్చరు సంఖ్య కూడ బ్రహ్మవిద్య కాదు: నాభ్యంతరాన్ని వెలుతురు వచ్చే ద్వారపు వ్యాసంతో భాగించగా వచ్చినది. 58 మిల్లీమీటర్ల లెన్సుకు ద్వారం 29 మిల్లీమీటర్లయితే ఆ సంఖ్య 2.

కొనదలచినవారికి కొన్ని జాగ్రత్తలు. మా అడవి ప్రాంతపు వానాకాలం లెన్సులకు గండం. తేమ తగిలితే గాజు మధ్య సాలెగూడు వంటి బూజు పడుతుంది. ముదిరితే పూతను తిని గాజునే కొరుకుతుంది. చేతిదీపం వెలిగించి లెన్సు వెనుకనుంచి చూస్తే తెలిసిపోతుంది. తోలుసంచిలో పెట్టి అటకమీద పెట్టడం బూజుకు విందు చేయడమే. మూత బిగువుగా ఉన్న డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి ఉంచితే చాలు.

జపాను ఆసాహీ సంస్థవారి తకుమార్ లెన్సులలో కొన్నింటిలో థోరియం కలిపిన గాజు వాడారు. వంపు తక్కువగా ఉన్నా కాంతిని ఎక్కువగా వంచడం ఆ గాజు గుణం. థోరియం స్వల్పంగా రేడియోధార్మికం కనుక, ఏండ్లు గడిచేకొద్దీ ఆ గాజు తేనెరంగుకు తిరుగుతుంది. మామూలుగా ఫోటోలు తీసుకొనేవారికి దానివలన భయం లేదు. పగలగొట్టి పొడి పీల్చకుంటే చాలు. రంగు విరగడానికి మందు ఎండ. అతినీలలోహిత కిరణాలు సోకితే కొన్ని రోజులలో గాజు మళ్ళీ తెల్లబడుతుంది. ఎండకు మాకు కొదవలేదు గాని, వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం మిద్దెమీద పెడితే లోపలి నూనె కరిగి అపర్చరు రేకులకు అంటుకొంటుంది. ఉదయపుటెండ మేలు. మరొకటి: అది కుంభాకార కటకమని మరువరాదు. భూతద్దంతో కాగితం కాల్చే ప్రయోగం మనం బడిలో చేయిస్తాం గదా, అదే ప్రయోగం మిద్దెమీది గడ్డివాముకు జరగకుండా చూసుకోవాలి.

ఫోనుతో తృప్తిపడుతున్న విద్యార్థి ఈ వ్యాసం చదివి తండ్రిని డబ్బుకు పీడించరాదని కూడ చెప్పక తప్పదు. స్ఫుటత్వమే కావాలంటే ఈనాటి చవక లెన్సే ఆనాటి ఖరీదైన లెన్సును మించుతుంది. ఇక మసకలు, బుడగలు ఫోను తానే కల్పించి ఇస్తున్నది.

మొదట వాయిదా వేసిన మాటకు ఇప్పుడు వస్తాను. మా ప్రాంతంలో ఒక పాత ఫోటోస్టూడియో ఉండేది. దానిని నడిపిన పెద్దమనిషికి ఇప్పుడు ఎనబై దాటినవి. ఆయన మనుమడు నా విద్యార్థి. పాత లెన్సుల పిచ్చి పట్టినవాడే. తాత అలమారలో ఏదైనా దొరుకుతుందేమోనని నన్ను కూడ వెంటబెట్టుకొని పోయాడు. తీరా చూస్తే అక్కడ ఉన్నది జంటకన్నుల యాషికా కెమేరా. దాని లెన్సు కెమేరాకే అతికి ఉంటుంది, విరగగొడితేగాని ఊడిరాదు. మనుమడి ముఖం చిన్నబోయినది. దాని ప్రక్కన చీకటిగదిలో బొమ్మలు పెద్దవి చేసే ఎన్‌లార్జరు తుప్పుపట్టి ఉన్నది. దానికి కొసన 75 మిల్లీమీటర్ల చిన్న లెన్సు.

“సారూ, గిది ఇంకేం పనికొస్తది? పాత సామానోడు కిలో లెక్కన అడిగిండు” అన్నాడు పెద్దాయన.

“కాకా, ఆ రేకుడబ్బాలలో ఏమున్నాయి?” అని అడిగాను.

“గవా? నెగటివులు. లగ్గాలవి, బడిపిల్లలవి, దండారీలవి. రెండు సంచులు ఎండి తీసెటోనికి ఇచ్చేసిన. గివి మిగిలినయి.”

పాత నెగటివులలో వెండి ఉంటుంది. ఊరూరా తిరిగి సంచులలెక్కన కొని, కరగించి ఆ వెండి తీసుకొనేవారున్నారు. ఒక గ్రామం నలబై ఏండ్లపాటు ఎట్లా ఉండేదో ఆ సంచులలో పోతున్నది. హైమన్‌డార్ఫ్ ఫోటోలకు లండనులో గదులున్నవి. దీన్‌దయాళ్ గాజు నెగటివులు రెండువేల ఎనిమిదివందలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నవి. కాని బోథ్ వంటి ఊళ్ళలో, సంతనాడు పది రూపాయలిచ్చి, తల దువ్వుకొని, గోడమీద గీసిన తాజ్‌మహలు ముందు నిలబడి తీయించుకొన్న మనుషులకు రేకుడబ్బాలు తప్ప వేరే గది లేదు. ఆ డబ్బాలలో తెలుగు, మరాఠీ, గోండి, ఉర్దూ, లంబాడీ మాటలాడే ఇండ్ల ముఖాలన్నీ కలిసి ఉన్నవి.

ఎన్‌లార్జరు లెన్సు ఈ పనికే పుట్టినది. సుడులు తిప్పదు, బుడగలు చేయదు. చదునుగా ఉన్న నెగటివును చదునైన కాగితంమీద మూలలు కరగకుండా దింపడమే దాని పని. దానినే మనుమడి కెమేరాకు ఎదురు పనికి పెట్టాము. యాషికా నెగటివు నలుపక్కల 56 మిల్లీమీటర్లు. అతని కెమేరా సెన్సారు ఎత్తు సుమారు 15.6 మిల్లీమీటర్లు. కనుక బొమ్మ 0.28 వంతుకు తగ్గాలి. 75ను 0.28తో గుణిస్తే 21. అంటే లెన్సు సెన్సారుకు 75కు మరొక 21 కలిపి, 96 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. నెగటివు లెన్సుకు ఇవతల సుమారు 34 సెంటీమీటర్లలో ఉండాలి. పదవ తరగతి సూత్రంలో ఈ అంకెలు వేసి చూడండి, నాభ్యంతరం 75 వచ్చి తీరుతుంది. గొట్టం కోసం ఎక్కడికీ పోలేదు. బోరుబావి సామాను అమ్మే దుకాణంలో పి.వి.సి. పైపు ముక్కలు రెండు, ఒకదానిలో ఒకటి జరిగేవి, కొని లోపల నల్లరంగు కొట్టాము. నెగటివు వెనుక వెలుతురుకు సెల్‌ఫోను తెర, నడుమ పాలరంగు ప్లాస్టిక్ పలక. పలక లేకపోతే ఫోను తెరలోని చుక్కలు కూడ బొమ్మలోకి వస్తాయి. నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మార్చే పని కంప్యూటరు క్షణంలో చేస్తుంది.

మొదట పెట్టిన నెగటివు ఒక ప్రాథమిక పాఠశాలది. ముందు వరుసలో జంబుఖానామీద పిల్లలు, నడుమ కుర్చీలలో ముగ్గురు పంతుళ్ళు, ఒక పిల్లవాడి ఒడిలో పలక. ఆ పలకమీది సుద్దముక్క అక్షరాలను తెరమీద పెద్దవి చేస్తే ఊరిపేరు, తరగతి, 1974 అన్న అంకెలు చదవ వచ్చినది. పెద్దాయన కండ్లద్దాలు తుడుచుకొని తెర దగ్గరకు వంగి, ఒక్కొక్క తలమీద వ్రేలుపెట్టి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మనుమడు నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాడు. ముప్పైనాలుగు మందిలో పందొమ్మిది పేర్లు వచ్చినవి.

ఇప్పటికి మూడు డబ్బాలు పూర్తయినవి. ఇంకా పదకొండు ఉన్నవి. రెండింటిలో చెమ్మ చేరి నెగటివులు ఒకదానికొకటి అంటుకొన్నవి, వాటిని విడదీయడానికి తొందరపడలేదు. మిగిలిన పేర్ల కోసం ఆ బొమ్మ అచ్చొకటి తీయించి, ఆ బడి ప్రధానోపాధ్యాయునికి పంపాము. ఆయన దానిని వరండాలో, నీళ్ళకుండ ప్రక్కన, మనుమలను దింపడానికి వచ్చే తాతలు చూసేచోట తగిలించాడు.